మక్కా నుంచి మొదలయ్యే సినాప్సిస్

తెలుగు సాహిత్యంలో ముస్లింల మీద పరిశోధన అనగానే మొదటి అధ్యాయం అరేబియాలో తెరుచుకుంటుంది. మా చేతికొచ్చిన సినాప్సిస్‌లు చాలావాటిలో వరస ఒకటే. ఒకటి: ఇస్లాం ఆవిర్భావం. రెండు: భారతదేశానికి ముస్లింల రాక. మూడు: ముస్లింల ఆచారాలు, పండుగలు, పెళ్ళి పద్ధతులు. నాలుగు: తెలుగు సాహిత్యంలో ముస్లిం పాత్రలు. ఐదు: ముస్లింవాద కవిత్వం. ఆరు: ముగింపు. సగం దారి నడిచేదాకా ఒక్క తెలుగు పుస్తకం కూడా తెరుచుకోదు. కావలి సాయిబుల పిల్లాడి కథ గురించి నాలుగు మాటలు చెప్పాలంటే ముందు ఏడో శతాబ్దపు ఎడారి దాటి రావాలి.

రైతు కథల మీద రాసేవాళ్ళు మనిషి మొదట నాగలి పట్టిన రోజు నుంచి మొదలుపెట్టరు. అగ్రహారాల జీవితం మీద వచ్చిన కథల గురించి రాసేవాళ్ళు ఆర్యుల రాకను మొదటి అధ్యాయం చెయ్యరు. వాళ్ళు ఇక్కడివాళ్ళేనన్నది ఎవరూ రుజువు చెయ్యక్కర్లేని విషయం. మమ్మల్ని మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చారని అడగాలి. రైల్లో ఎదుటి సీటాయన అడిగే ప్రశ్న, అద్దె ఇంటి కోసం పోతే యజమాని అడిగే ప్రశ్న, పరిశోధనలో మొదటి అధ్యాయమై కూచుంది. దాన్ని రాసే పిల్లల్లో మా పిల్లలు కూడా ఉన్నారు. అదీ మా బాధ.

ఇది వట్టి అధ్యాయాల వరస గొడవ కాదు. ప్రణాళిక అంటే ఎవరిని ఏ ప్రశ్న అడగాలో ముందే తేల్చుకోవడం. ఆధారాల జాబితా అంటే ఎవరి మాట సాక్ష్యంగా చెల్లుతుందో తేల్చుకోవడం. ఈ రెండింటి మీద ఇంతవరకు మనం సాహిత్య విమర్శ చెయ్యలేదు. కవిత్వాన్ని విమర్శించాం, కథని విమర్శించాం. వాటి మీద వచ్చే పరిశోధన ఎట్లా గీసుకుంటున్నారో చూడలేదు. చూడాల్సిన అవసరం మాకు ఒకమ్మాయి వల్ల కలిగింది.

కర్నూలు వైపు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. ఒక సెమినార్ కోసం ఇరవై పేజీల పత్రం రాయాలి, అదే తర్వాత థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది. మేం కొన్నేళ్ళు ఉర్దూ పత్రికలో, కొన్నేళ్ళు తెలుగు పత్రికలో పని చేసినవాళ్ళం కాబట్టి రెండు వైపులా పుస్తకాలు చూపిస్తామని ఎవరో చెప్పి పంపారు. చేతిలో రెండు కాగితాలు. ఒక దాని మీద పైన చెప్పిన ఆరు అధ్యాయాలు. రెండో దాని మీద పద్దెనిమిది పుస్తకాల పేర్లు. అందులో ఉర్దూ నుంచి ఒక్కటి లేదు. అధ్యాయాల వరస తనది కాదనీ, అదే శాఖలో ఇంతకుముందు ఆమోదం పొందిన ఒక సినాప్సిస్ చూసి రాసుకోమన్నారనీ చెప్పింది. ఎవరన్నారో మేం అడగలేదు. అది ఒక మనిషి తప్పు కాదు, అలవాటు తప్పు. రిజిస్ట్రేషన్ గడువులోపు సినాప్సిస్ ఇవ్వాలి. చదవడం తర్వాత. అంటే ఇల్లు చూడకముందే ఇంటి పటం గీసి ఇవ్వాలి. అప్పుడు చేతికందేది పాత పటమే.

ఆ కాగితాల మీద నుంచే ఒక్కో వాక్యం తీసి ఆధారం అడుగుతూ పోయాం. ఐదో అధ్యాయం కింద ఒక వాక్యం ఉంది: బాబ్రీ మసీదు కూల్చివేత తర్వాత తెలుగులో ముస్లింవాద కవిత్వం పుట్టింది. ఈ వాక్యం మాకు బాగా పరిచయం. వ్యాసాల్లో, ఉపన్యాసాల్లో చాలాసార్లు విన్నాం. మేం కూడా అని ఉంటాం. కాని ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది 1991లో. మసీదు కూలింది 1992 డిసెంబర్ 6న. పుస్తకం మొదటి పేజీ మీదున్న ఏడాది ఒక్కటి చూస్తే ఆ వాక్యం నిలబడదు. 1992 తర్వాత ఆ గొంతుకి తోడు గొంతులు పెరిగాయి, 1998లో 'జల్జలా' సంకలనం వచ్చింది, 2002 గుజరాత్ తర్వాత మరింత రాశారు. ఇవన్నీ నిజమే. కాని పుట్టుక అక్కడ కాదు. ఈ తేడా చిన్నది కాదు. కూల్చివేత తర్వాతే పుట్టిందంటే మా కవిత్వం ఒక దెబ్బకి వచ్చిన ఏడుపు మాత్రమే అవుతుంది. దెబ్బకి ముందే ఉందంటే, అంతకుముందు నుంచీ రోజూ మోస్తున్న అనుమానం గురించి మాట్లాడినట్టవుతుంది. ఏడాది సరిచూసుకోవడం గుమాస్తా పని అనుకుంటారు. కాదు, అది వాదనకు ప్రాణం.

నాలుగో అధ్యాయంలో ఉపశీర్షిక ఒకటి: తెలంగాణ పోరాట సాహిత్యంలో ముస్లింలు. దాని కింద ఉన్నది రజాకార్లు మాత్రమే. రజాకార్ల దౌర్జన్యం నిజం. దాన్ని తక్కువ చేసి చూపాలని మేం అనుకోవడం లేదు. కాని ఆ ఉపశీర్షిక కింద బందగీ లేడు. విసునూరు దేశ్‌ముఖ్‌తో భూమి కోసం కోర్టులో తలపడి, 1940ల తొలినాళ్ళలో హత్యకు గురైన కామారెడ్డిగూడెం పేద ముస్లిం రైతు షేక్ బందగీ. 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్ లేడు. రజాకార్లకు వ్యతిరేకంగా, భారత యూనియన్‌లో చేరాలని రాసినందుకు 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆయన్ను చంపారు. మఖ్దూం మొహియుద్దీన్ లేడు. ఆయన 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. 1969లో 'బిసాత్-ఎ-రఖ్స్'కు సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఎందుకు లేరు? ఆ అమ్మాయికి వాళ్ళ మీద ద్వేషం ఉండి కాదు. చూసిన పద్దెనిమిది పుస్తకాల్లో వాళ్ళు ఆ శీర్షిక కింద దొరకలేదు కాబట్టి.

అక్కడే ఇంకో చిక్కు. 'మాభూమి' అని ఒకే పేరు రాసి ఊరుకుంది. ఏ మాభూమి? 1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన నాటకం ఒకటి. దాని వెనక ఉన్నది బందగీ బలిదానం. 1980లో విడుదలైన గౌతమ్ ఘోష్ సినిమా ఇంకొకటి. దానికి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. పేరు ఒకటే, ఆధారాలు రెండు. ఈ రెంటినీ కలిపేస్తే రెండు నిజాలు ఒకేసారి మాయమవుతాయి. ఆంధ్ర ప్రాంతపు తెలుగు నాటకకర్తలు ఒక ముస్లిం రైతు చావును తమ నాటకానికి ప్రాణం చేసుకున్నారన్నది ఒకటి. పంజాబీ హిందూ కుటుంబం నుంచి వచ్చిన రచయిత తెలంగాణ రైతు పోరాటాన్ని ఉర్దూలో నవలగా రాశాడన్నది రెండోది. ఉర్దూ అంటే ముస్లిం అనే లెక్క ఇక్కడ తప్పిపోతుంది.

ఇది చూసి మాకు హుషారొచ్చింది. లోపం పట్టుకున్నామనుకున్నాం. లోపం ఉర్దూ లేకపోవడమే. ఇక మా అల్మారా తెరిచాం.

ఉర్దూ వైపు ఎంత ఉందో తెలుగు విమర్శకి తెలీదని మా పాత ఫిర్యాదు. 1938 నుంచి వస్తున్న 'సబ్‌రస్' పత్రిక పాత సంచికలు ఉన్నాయి. దాన్ని నడిపిన ఇదారె అదబియాతె ఉర్దూ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ పెట్టిన సంస్థ. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవిత్వం మొత్తాన్ని 1940లో అచ్చు వేయించింది కూడా జోర్ సాబే. జీలానీ బానో నవల 'ఐవానె గజల్' ఉంది, తెలంగాణ పల్లె మీద ఆమె రాసిన కథలున్నాయి. ఆమె కథ 'నర్సయ్యా కీ బావ్‌డీ' ఆధారాల్లో ఒకటిగా 2010లో శ్యామ్ బెనెగల్ 'వెల్ డన్ అబ్బా' తీశాడు. నర్సయ్య బావి ఉర్దూ నుంచి హిందీ తెరకు పోయింది. తెలుగు సినాప్సిస్‌లోకి మాత్రం రాలేదు. 1891లో మొదలైన ఆసఫియా లైబ్రరీ ఇవాళ్టి అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం. సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో అబ్దుస్సమద్ ఖాన్ జీవితమంతా పోగుచేసిన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ఒక్క మనిషి కూడబెట్టిన ఆ సంపద 2000 ఆగస్టు వరదల్లో తడిసింది. 2013లో రేఖ్తా వెబ్‌సైటు మొదలయ్యాక పాత ఉర్దూ పుస్తకాలు ఎన్నో ఇంట్లో కూచుని చదువుకోవచ్చు. నస్తలీఖ్ రానివాళ్ళు ఎవరినైనా పక్కన పెట్టుకుని చదివించుకోవచ్చు. మేం లేమా?

ఇంతా చెప్పి మేం కొత్త ప్రణాళిక గీసి ఇచ్చాం. అరేబియా తీసేశాం. దాని బదులు గోలకొండ పెట్టాం. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా తెలుగు కవుల్ని ఆదరించి మల్కిభరాముడయ్యాడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' ఆయనకు అంకితమిచ్చాడు. సంస్కృత పదం తగలకుండా రాసిన మొదటి అచ్చ తెలుగు కావ్యం, పొన్నికంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర', పటాన్‌చెరువు అమీన్‌ఖాన్‌కు అంకితం. అచ్చ తెలుగు పుట్టిన గుమ్మం ఒక ముస్లింది. ఇంతకంటే గొప్ప మొదటి అధ్యాయం ఏముంటుంది?

ఆ అమ్మాయి చాలాసేపు ఆ కాగితం చూసింది. తర్వాత మెల్లగా అంది: "మా ఇంట్లో ఉర్దూ రాదు సార్. మేం దూదేకులోళ్ళం. మా జేజి సూరాలు తెలుగులో రాసుకోని చదువుకుంటాది. ఉర్దూ మాట్లాడేటోళ్ళు మమ్మల్ని సగం తురకలంటారు. తెలుగోళ్ళు సాయిబులంటారు. ముందు కాగితంలోనూ నేను లేను, మీ కాగితంలోనూ లేను."

మేం జవాబు చెప్పలేకపోయాం. వచ్చినప్పుడు మమ్మల్ని 'చాచా' అంటుందనుకున్నాం, 'సార్' అంది. అది మేం గమనించి కూడా పట్టించుకోలేదు. పాత సినాప్సిస్ మమ్మల్ని అడిగిన ప్రశ్ననే మేం ఆమెను అడిగాం. నీ మూలాలు ఎక్కడ? వాళ్ళు అరేబియా అన్నారు, మేం గోలకొండ అన్నాం. దూది ఏకి, పరుపులు కుట్టి, ఊరూరా తిరిగి బతికిన దూదేకుల ఇంటికి మల్కిభరాముడి దర్బారు ఎంత దూరమో మక్కా అంతే దూరం. నిజం చెప్పాలంటే హైదరాబాద్ పాతబస్తీలో రిక్షా తొక్కిన ఉర్దూ మనిషికి కూడా అంతే దూరం. నవాబుల పేరు చెప్పుకుని మురిసిపోవడం, మమ్మల్ని నవాబులని తిట్టడం, రెండూ ఒకే అబద్ధం మీద నిలబడ్డాయి. రెండింటిలోనూ పేద ముస్లిం కనపడడు.

ఇక్కడ మా మీద మేం చేసుకోవాల్సిన విమర్శ ఉంది. ముస్లిం అంటే ఉర్దూ అని తెలుగు సమాజం అనుకుంటుందని కోపం తెచ్చుకుంటాం. మేం కూడా లోపల అదే అనుకుంటాం. ఉర్దూ సాహితీ సభల్లో తెలుగులో రాసే ముస్లిం కవిని అరువు మనిషిలా చూసిన సందర్భాలు మాకు తెలుసు. నసీరుద్దీన్ హాష్మీ 'దకన్ మే ఉర్దూ' అచ్చయింది 1923లో. ఉర్దూ వాళ్ళం ఆ పుస్తకాన్ని గర్వంగా చూపిస్తాం. దక్కన్‌లో ఆ ఉర్దూకి పక్కింటి భాష ఏమిటో, ఆ ఇంట్లో ఏ ముస్లింలు ఉన్నారో అడగం. తెలుగు అల్మారాకి ఉర్దూ లేదు, ఉర్దూ అల్మారాకి తెలుగు లేదు. మధ్య నడవాలో నిలబడ్డ దూదేకుల అమ్మాయికి రెండు అల్మారాలూ మూసే ఉన్నాయి.

మూడో కాగితం తీసుకున్నాం. ఈసారి అధ్యాయాల పేర్లు రాయలేదు. ముందు ప్రశ్న రాయమన్నాం. 'తెలుగు సాహిత్యంలో ముస్లింలు' అన్నది ప్రశ్న కాదు, బోర్డు. దాని కింద ఏదైనా పెట్టుకోవచ్చు, ఏదీ తేలదు. ఆమె రెండు రోజులు ఆలోచించి రాసుకొచ్చిన ప్రశ్న ఇది: తెలుగు ముస్లిం కథల్లో ఇంటి భాష ఒకటేనా? ఇంట్లో అమ్మను ఏమని పిలుస్తారు, ఏ మాట ఏ భాషలో తిడతారు, ఏ మాట ఏ భాషలో ఏడుస్తారు, కథకుడు దాన్ని తెలుగు లిపిలో ఎట్లా పెట్టాడు, అర్థం పక్కన ఇచ్చాడా లేదా? మాకు అసూయ కలిగింది. ఇన్నేళ్ళు రెండు భాషల పత్రికల్లో పని చేసి మేం అడగని ప్రశ్న.

ప్రశ్న దొరికాక పుస్తకాలు వాటంతటవే ముందుకొస్తాయి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు', 1999, నెల్లూరు జిల్లా. 'వతన్' కథా సంకలనం, 2004. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా', 2011, కడప. స్కైబాబ 'అధూరే', నల్గొండ. ఇరవై పేజీల పత్రానికి ఇవి చాలు. ఎక్కువ కూడా. కవిత్వం పక్కన పెట్టమన్నాం. కవిత్వంలో మాట్లాడేది ఎక్కువగా ఒక గొంతు, కథలో ఇంటిల్లిపాదీ మాట్లాడతారు. ఆమె ప్రశ్నకు కావాల్సింది ఇంటిల్లిపాదీ. షాజహానా 'నఖాబ్' (2005) వదలడం ఆమెకు కష్టమైంది. అయినా తర్వాతి పత్రానికి దాచుకుంది. ఏది వదులుతున్నామో, ఎందుకు వదులుతున్నామో మొదటి పేజీలోనే చెప్పడం పరిశోధనలో మర్యాద. చెప్పకుండా వదిలితే అది మరుపు కాదు, తీర్పు.

ఇట్లా అడిగినప్పుడే ఇస్మాయిల్ గారి విషయం కూడా తేలింది. పేర్లు చూసి జాబితా చేసే సినాప్సిస్‌లో 'చెట్టు నా ఆదర్శం' కవి ముస్లిం కవుల కింద చేరతాడు. అస్తిత్వం చూసి చేసే జాబితాలో బయటికి పోతాడు. రెండూ ఆయనకు అన్యాయమే. కాకినాడలో తత్వశాస్త్రం చెప్పుకుంటూ చెట్టునీ పిట్టనీ చూసిన కవిని చేర్చాలా వద్దా అని పేరును అడక్కూడదు, ప్రశ్నను అడగాలి. కథల్లో ఇంటి భాష అన్న ప్రశ్నకు ఆయన అవసరం లేదు, కాబట్టి లేడు. అంతకుమించి ఏమీ అనక్కర్లేదు.

ఆధారాలను ఆమె నాలుగు కట్టలుగా కట్టింది. మొదటిది కథలు. ప్రతి కథకీ ఒక కార్డు. కథ పత్రికలో మొదట ఎప్పుడు వచ్చింది, పుస్తకంలోకి ఎప్పుడు చేరింది, ఏ పేజీ. శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో నిలబెట్టిన కథానిలయం ఈ తేదీలకి పెద్ద దిక్కు. రెండోది ఇంతకుముందు ఈ కథల మీద వచ్చిన విమర్శ. మెచ్చుకున్నవీ, తిట్టినవీ రెండూ. మూడోది భాష గురించినవి: దక్కనీ ఉర్దూ మీద, నెల్లూరు, కడప, నల్గొండ తెలుగు మీద వచ్చిన పుస్తకాలు. ఇక్కడ మా అల్మారా పనికొచ్చింది, గొప్ప చెప్పుకోవడానికి కాదు, పదం పోల్చుకోవడానికి. నాలుగో కట్ట మనుషులు. అందులో మొదటి పేరు వాళ్ళ జేజి.

నాలుగో కట్ట మీద పెద్ద చర్చే జరిగింది. అచ్చు కాని మాట ఆధారం అవుతుందా అని ఆమె భయం. అవుతుంది, కాని అచ్చైన మాటకంటే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఎవరు, ఏ ఊరు, ఏ తేదీన చెప్పారు, పేరు రాయడానికి ఒప్పుకున్నారా, చెప్పింది ఆమె మాటల్లోనే ఉందా, మన మాటల్లోకి మారిందా, అన్నీ రాయాలి. పీర్ల పండుగలో అలావా చుట్టూ పాడే పాటలు ఏ గ్రంథాలయంలోనూ వరసగా లేవు. అవి పాడేవాళ్ళలో హిందువులూ ఉన్నారు. ఆ పాటల భాష ఏ మతానిదో ఎవరు తేలుస్తారు? అచ్చైనదే సాక్ష్యం అంటే ఎవరికి అచ్చుయంత్రం అందిందో వాళ్ళదే చరిత్ర.

ఈ మాట మాది కాదు, తెలంగాణ చరిత్ర నేర్పింది. తెలంగాణలో కవులే లేరని ఒక పండితుడు రాస్తే సురవరం ప్రతాపరెడ్డి తిట్టుకుంటూ కూచోలేదు. తన పత్రికలో పిలుపునిచ్చి ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి 1934లో 'గోలకొండ కవుల సంచిక' వేశారు. 354 మంది కవులు. ఒక తప్పు వాక్యానికి ఇంత బరువైన జవాబు తెలుగులో తక్కువ. సయ్యద్ నశీర్ అహమ్మద్ 2010లో 'అక్షరశిల్పులు' పేరుతో తెలుగులో రాసిన ముస్లిం రచయితల వివరాలు పోగుచేసింది ఆ దారిలోనే. ముస్లింలకు తెలుగు రాదు అనే వాక్యానికి అది జవాబు. అయితే జాబితా పునాది మాత్రమే, ఇల్లు కాదు. ఉన్నారు అని చెప్పడం అయ్యాక, ఏం చెప్పారు, ఎట్లా చెప్పారు అనే పని మిగులుతుంది. ఆ పని ఇప్పటి పరిశోధకులది.

చివరికి ప్రణాళిక ఒక పేజీ అయ్యింది. అధ్యాయాలకు పేర్లు కాకుండా వాక్యాలు రాయించాం. పేరు రాస్తే లోపల ఏమీ లేకపోయినా గడుస్తుంది. వాక్యం రాస్తే రుజువు చెయ్యాలి. మొదటి భాగం, రెండు పేజీలు: ముస్లిం ఇల్లు అంటే ఉర్దూ ఇల్లు అన్న అభిప్రాయం తెలుగు విమర్శలోనూ ఉర్దూ వాళ్ళలోనూ ఉంది. రెండో భాగం, నాలుగు పేజీలు: ఈ కథల మీద వచ్చిన విమర్శ వస్తువు గురించి మాట్లాడినంతగా భాష గురించి మాట్లాడలేదు. మూడో భాగం, ఎనిమిది పేజీలు: కథల్లో కనీసం మూడు రకాల ఇంటి భాషలున్నాయి, ప్రాంతాన్ని బట్టీ కులాన్ని బట్టీ మారుతున్నాయి. నాలుగో భాగం, నాలుగు పేజీలు: ఈ మాటకి ఎదురు సాక్ష్యం ఇచ్చే కథలు ఇవి. ఐదో భాగం, రెండు పేజీలు: ఏం తేలింది, ఏం తేలలేదు.

మూడో భాగం కింద పెన్సిల్‌తో రాయమన్నాం. అది ఇంకా అనుమానమే, కథలన్నీ మళ్ళీ చదివాక నిలవకపోవచ్చు. నిలవకపోతే పత్రం పోదు, వాక్యం మారుతుంది. నాలుగో భాగం చూసి ఆమె ఆశ్చర్యపోయింది. మన వాదనను మనమే ఎందుకు కొట్టుకోవాలి? ఎందుకంటే మా గురించి రాసినవాళ్ళు ఆ భాగం రాయలేదు కాబట్టి. రజాకార్ల పక్కన బందగీని పెట్టి ఉంటే ఆ ఉపశీర్షిక అట్లా మిగిలేది కాదు. మాకు జరిగింది మేం ఇంకొకరికి చెయ్యకూడదు. రేపు ఆమె పత్రం చదివి, మా దూదేకుల ఇంట్లో ఉర్దూ ఉంది, మీరు చూడలేదు అని ఎవరైనా అంటే, వాళ్ళ కోసం ఆ నాలుగు పేజీల్లో ఒక తలుపు తెరిచి ఉండాలి.

పత్రం చదివిన రోజు మేం సభలో వెనక కూచున్నాం. ప్రశ్నల సమయంలో ఒక పెద్దాయన లేచి, ఇస్లాం గురించి పరిచయం లేకుండా ముస్లిం కథల్ని ఎట్లా అర్థం చేసుకుంటామమ్మా అని అడిగాడు. ఆయన మనసులో చెడు లేదు. ఆ అమ్మాయి చెప్పింది: "నేను రాసింది మా ఇంటి పక్క ఇండ్ల గురించి సార్. పరిచయం కావాలంటే ఊరికి రండి." కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. పెద్దాయన రాసుకున్నాడు. బయటికి వచ్చాక మాతో, "సరిగ్గా చెప్పినానా, చిన్నాయనా?" అంది.

సరిగ్గానే చెప్పింది. మాకు ఇంకో మాట కలపాలనుంది. మా గురించి పరిశోధన చేసే మిత్రులారా, ముస్లింలైనా కాకపోయినా, మీ సినాప్సిస్‌లో మొదటి అధ్యాయం కొట్టేసి చూడండి. మిగిలినదాంట్లో మీకు చెప్పడానికి ఏముందో అప్పుడు తెలుస్తుంది. ఏమీ లేకపోతే ఇంకా చదవాలని అర్థం. ఆధారాల జాబితాలో మీకు తెలిసిన భాష కాక ఇంకో భాష ఒక్కటి, అచ్చు కాని మనిషి మాట ఒక్కటి, మీ మాటను కాదనే పుస్తకం ఒక్కటి చేర్చండి. ఈ మూడూ చేరాక కూడా మీ ప్రణాళిక మారకుండా ఉందంటే, దాన్ని మేం కూడా ఒప్పుకుంటాం.